ప్రభుత్వ విత్తం: పన్నులు, మార్కెట్ వైఫల్యాలు, ఉమ్మడి వస్తువులు

ప్రభుత్వానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, దాన్ని దేనికి ఖర్చు పెడుతుంది, ఆ రాబడి వల్లా ఖర్చు వల్లా ఎవరికి మేలు, ఎవరిమీద బరువు అనే ప్రశ్నలను పరిశీలించే అర్థశాస్త్ర శాఖ ప్రభుత్వ విత్తం. పన్ను, మార్కెట్ వైఫల్యం, ఉమ్మడి వస్తువు అనేవి ఈ శాస్త్రంలో మూడు ముఖ్యమైన మాటలు. పాఠ్యపుస్తకాల్లో మూడింటికీ మూడు అధ్యాయాలుంటాయి. ఊరి చెరువు కట్టమీద నిలబడి చూస్తే మాత్రం మూడూ ఒకే పద్దు కింద కనిపిస్తాయి.

పోరుమామిళ్ల లెక్క

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఒకటి ఉంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బళ్లు, రెండేళ్ల పని అని శాసనం ఖర్చు లెక్క చెబుతుంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులో ఉన్నాయి. ధర్మబుద్ధీ, సంపదా ఉన్న రాజు మొదటి అంగం. నీటి శాస్త్రం తెలిసిన మనిషి రెండో అంగం. దోషాల్లో కట్టనుంచి నీరు ఊరడం, చవిటి నేల, నీరు తక్కువై విస్తీర్ణం ఎక్కువ కావడం వంటివి ఏ ఇంజనీరైనా చెప్పేవే. వాటి సరసనే రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటాన్ని కూడా దోషంగా చేర్చారు. ఇది మట్టికో రాతికో సంబంధించిన దోషం కాదు. నీరు ఇద్దరికీ పారుతుంది. కట్ట మరమ్మతు మాత్రం ఇద్దరిలో ఎవరిదీ కాకుండా పోతుంది. ఆరున్నర శతాబ్దాల కిందట ఈ మాట చెక్కించినవారికి ప్రభుత్వ విత్తంలోని అతి కష్టమైన చిక్కు బాగా తెలుసు.

చెరువును ఒక్క రైతు తవ్వించలేడు. పదిమంది కలిసి తవ్వుదామన్నా, పదకొండోవాడు పార పట్టకుండానే తూము కింద నీళ్లు పెట్టుకోగలడు. పూడిక తీతకు రాని ఇంటి పొలానికీ ఆ నీరే పారుతుంది. అలాంటప్పుడు నేనొక్కణ్ణి పోకపోతే ఏమవుతుంది అని ప్రతివాడికీ అనిపిస్తుంది. రాత్రికి తలా ఒక చెంబు పాలు కొలనులో పొయ్యమని రాజు చాటింపు వేయిస్తే, అందరూ పాలే పోస్తారు, నా చెంబెడు నీళ్లు ఎవరికి తెలుస్తాయి అనుకుని ఊరంతా నీళ్లే పోసిన కథ మన పిల్లలకు తెలుసు. పదిమంది నడుమ పాము చావదన్న సామెతదీ అదే భావం. అర్థశాస్త్రం దీన్ని ఉచిత లబ్ధి సమస్య అంటుంది. పన్నుకు మూలకారణం ఇదే. మనుషులు చెడ్డవాళ్లు కానక్కర్లేదు. ఎవరి మేలు వారు చూసుకుంటే చాలు, అందరికీ అవసరమైన పని ఆగిపోతుంది.

పాతకాలపు ఏర్పాట్లు ఈ చిక్కును రకరకాలుగా విప్పాయి. రాయలసీమలో దశబంధం ఇనాం అని ఒకటి ఉండేది. చెరువు తవ్వించినవారికి, దాని మరమ్మతు చూసుకునేవారికి ఆ పని షరతుమీదే మాన్యం ఇచ్చేవారు. రాబడి ఖజానాకు చేరి, మళ్లీ అక్కడినుంచి మంజూరై రావలసిన అవసరం లేకుండా చెరువు దగ్గరే చెరువు ఖర్చుకు నిలిచేది. నీళ్లు వంతులవారీగా వదిలే నీరటికి కళ్లంలోనే గింజలు కొలిచేవారు. కట్టకు గండి పడితే ఇంటికొక మనిషి రావడం ఆచారం. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ ఆచారమే నిర్బంధ శ్రమ చట్టంగా మారింది. డబ్బుకు బదులు చెమటగా కట్టించుకున్నా అదీ పన్నే. అయితే శిస్తు ఖజానాకు చేరి, మరమ్మతు ఊరికి మిగిలిన చోట చట్టం పాత అలవాటును నిలబెట్టలేకపోయింది. ఈ ఏర్పాట్లలో కుల పెత్తనం ఉంది, వెట్టి ఉంది. వాటిని ఆదర్శంగా చూపనక్కర్లేదు. కానీ ఇచ్చినదానికీ పొందినదానికీ మధ్య దూరం చాలా తక్కువ. ప్రభుత్వ విత్తానికి ఆ దూరమే అసలు కొలత అని ఈ వ్యాసం భావిస్తుంది.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్టను ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేయించాడు. అంతకు పదిహేనేళ్ల ముందే గుంటూరు సీమను డొక్కల కరువు తుడిచిపెట్టింది. నీటికి పెట్టిన ఖర్చు శిస్తు రూపంలో తిరిగొస్తుందని కాటన్ ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వంతో వాదించి ఒప్పించాడు. డెల్టాలో ఆ వాదన నిజమైంది. కర్నూలు దగ్గర సుంకేసుల నుంచి కడపదాకా కాలువ తవ్వే పని మాత్రం ప్రభుత్వం వడ్డీకి హామీ ఇచ్చి ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించింది. 1863లో పని మొదలైంది. నల్లరేగడిలో వర్షాధారంగా జొన్న, పత్తి వేసుకునే రైతులకు డబ్బిచ్చి నీరు కొనడం గిట్టలేదు. కంపెనీ నిలదొక్కుకోలేకపోయింది. 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కోవలసి వచ్చింది. కాలువ నీటి వల్ల ఊట పెరగడం, కరువు తగ్గడం, చుట్టూ వ్యాపారం లేవడం వంటి లాభాలు కంపెనీ చిట్టాలోకి రావు. అవి ఊళ్లకూ ఖజానాకూ వెళతాయి.

ఉమ్మడి వస్తువు అంటే

1954లో పాల్ శామ్యూల్‌సన్ రాసిన చిన్న వ్యాసం ఈ భావనకు గణిత రూపం ఇచ్చింది. అచ్చమైన ఉమ్మడి వస్తువుకు రెండు గుణాలుండాలి. ఒకరు వాడుకుంటే మరొకరికి తరగకూడదు. ఖర్చు ఇవ్వనివారిని పక్కకు నెట్టడం సాధ్యం కాకూడదు. దేశరక్షణ, దీపస్తంభం పుస్తకాల్లో తరచూ కనిపించే ఉదాహరణలు. మనకు అంతకంటే దగ్గరిది తుపాను హెచ్చరిక.

1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేల మందికి పైగా చనిపోయారు. సముద్రం లోపలికి వచ్చేదాకా చాలా ఊళ్లకు ఏం జరగబోతోందో తెలియదు. వార్త సరిగా అందలేదు. అందినచోట ఎక్కి తలదాచుకోవడానికి గట్టి భవనం లేదు. తర్వాతి దశాబ్దాల్లో కోస్తా వెంట తుపాను ఆశ్రయ భవనాలు, రాడార్లు, ఉపగ్రహ చిత్రాలు వచ్చాయి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసినప్పుడు లక్షల మందిని ముందుగానే ఖాళీ చేయించారు. ఆస్తి నష్టం భారీగా జరిగినా ప్రాణనష్టం దివిసీమతో పోల్చేంత లేదు. ఈ రెండు తేదీల మధ్య తేడా పన్ను డబ్బు. ఉపగ్రహాన్ని ఏ జాలరీ సొంతంగా ఎగరేయించుకోలేడు. హెచ్చరికను అమ్ముదామన్నా, ఒక పడవ వెనక్కి మళ్లితే పక్క పడవకు విషయం తెలిసిపోతుంది, ఇక కొనేవాడుండడు. పైగా ఒకరు విన్నంత మాత్రాన మరొకరికి హెచ్చరిక తగ్గదు. అలాంటప్పుడు దానికి ధర పెట్టడం అన్యాయమే కాదు, తెలివితక్కువ కూడా. 2004 సునామీ తర్వాత 2007లో హైదరాబాద్‌లో నెలకొల్పిన సునామీ హెచ్చరిక కేంద్రం సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని ఈ పనే చేస్తోంది. అదే సంస్థ చేపలు ఎక్కడ దొరికే అవకాశముందో కూడా మత్స్యకారులకు చెబుతుంది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. సమాచారం వింటే తరగదు. చేపలు పడితే తరుగుతాయి. సమాచారం ఉమ్మడి వస్తువు. చేపలు ఉమ్మడి వనరు.

నిజానికి ఎక్కువ సేవలు ఈ రెండు గుణాల మధ్య ఎక్కడో నిలుస్తాయి. టోల్‌గేటు ఉన్న రహదారి డబ్బివ్వనివారిని ఆపగలదు కానీ రద్దీ లేనంతకాలం ఒక కారు వల్ల మరో కారుకు చోటు తగ్గదు. చదువు, వైద్యం విడిగా అమ్మగలిగేవే. అయినా టీకా వేయించుకున్న పిల్లవాడు పక్కింటి పిల్లవాణ్ణి కూడా కాపాడతాడు. భారతదేశం 1975లో చివరి మశూచి కేసును చూసింది. 2011 జనవరి తర్వాత సహజ పోలియో వైరస్ కేసు లేదు. ఆ ఫలితాన్ని ఏ దుకాణంలోనూ పొట్లం కట్టి అమ్మలేరు. ఏ వస్తువు ఉమ్మడిదో నిర్ణయించేది దాని భౌతిక స్వభావం ఒక్కటే కాదు. దేన్ని ఎవరికీ లేకుండా చేయకూడదని ఒక సమాజం అనుకుంటుందో అది కూడా నిర్ణయిస్తుంది.

మార్కెట్ ఎక్కడ తప్పుతుంది

ధర అనేది ఒక కబురు. వస్తువు తయారీకి ఎంత పోయిందో, కొనేవాడికి అది ఎంత అవసరమో ఆ కబురు చెబుతుంది. కొన్ని ఖర్చులు ధరలోకి ఎక్కకుండా మూడో మనిషి నెత్తిన పడితే దాన్ని బాహ్యత అంటారు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు పారిశ్రామికవాడనుంచి వచ్చిన రసాయన వ్యర్థాలు నక్కవాగులో కలిసి, ఆ వాగు మంజీరలో కలిసి, ఒడ్డు ఊళ్ల బావులూ పొలాలూ పాడయ్యాయి. మందు బిళ్ల ధరలో ఆ రైతు కోల్పోయిన పంట లేదు. బిళ్ల చవకగా ఉండటానికి ఒక కారణం, దాని ఖర్చులో కొంత ఆ రైతు భరించడమే. ఇలాంటి చోట ఎంత హాని జరుగుతోందో అంత పన్ను వెయ్యాలని ఆర్థర్ పిగూ 1920లో చెప్పాడు. రొనాల్డ్ కోస్ 1960లో మరో దారి చూపాడు. ఎవరి హక్కు ఏమిటో స్పష్టంగా ఉండి, బేరమాడుకోవడానికి ఖర్చు లేకపోతే ఇరుపక్షాలే సర్దుకోగలవన్నాడు. నక్కవాగు ఒడ్డున వందల మంది రైతులు ఒకవైపు, ఎన్నో కంపెనీలు మరోవైపు ఉన్నప్పుడు ఆ బేరం ఎక్కడ కూర్చుని ఆడతారు? ఏ పైపు వ్యర్థం ఎవరి బావి చెడగొట్టిందో ఎవరు తేలుస్తారు? బేరానికి ఖర్చుంటే తన సూత్రం పనిచేయదని కోస్ కూడా ఒప్పుకున్నాడు. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమని సుప్రీంకోర్టు 1996లో ప్రకటించింది. సూత్రం స్థిరపడింది. వసూలు ఇప్పటికీ కష్టంగానే సాగుతోంది.

భూగర్భజలం కథ ఇంతకంటే బాధాకరం. ఇక్కడ హాని చేసేవాడూ, పడేవాడూ ఒకే రైతు. అనంతపురం జిల్లాలో ఒక రైతు బోరు వేస్తాడు. పక్క పొలంలో బోరు ఎండుతుంది. పక్కవాడు అప్పు తెచ్చి ఇంకా లోతుకు దింపుతాడు. మొదటివాడి మోటారు గాలి కొడుతుంది. ఇద్దరూ మళ్లీ రిగ్గు బండిని పిలిపిస్తారు. నీళ్లు పడితే పంట, పడకపోతే అప్పు. పొలం ఎవరిదో పట్టాలో ఉంటుంది, కింది నీరు ఎవరిదో ఏ కాగితంలోనూ ఉండదు. 2002లో వచ్చిన వాల్టా చట్టం బోర్లకు అనుమతి, దూరం నియమాలు పెట్టింది. 2004 నుంచి సాగుకు ఉచిత విద్యుత్తు అమలైంది. కాలువ కింద రైతుకు ప్రభుత్వ ఖర్చుతో నీరు అందుతుంటే, సొంత ఖర్చుతో బోరు వేసుకున్న మెట్ట రైతుకు కరెంటైనా ఉచితంగా ఇవ్వడంలో న్యాయం ఉంది. అదే సమయంలో మోటారు కట్టెయ్యమని చెప్పే చివరి ధర కూడా పోయింది. న్యాయం ఒకవైపూ, వనరు రక్షణ మరోవైపూ లాగినప్పుడు ఒకే పథకంతో రెండూ సాధించాలనుకోవడం పొరపాటు. రైతుకు ఇవ్వాల్సిన సాయాన్ని కరెంటుతో ముడిపెట్టకుండా ఇస్తే, నీరు ఆదా చేసినవాడికి అది నష్టం కాదు. ఉమ్మడి వనరు నాశనం కాకతప్పదన్న గ్యారెట్ హార్డిన్ 1968 నాటి వాదనను ఎలినార్ ఆస్ట్రామ్ ప్రపంచంలోని ఎన్నో ఊళ్ల అనుభవాలను పరిశీలించి ఖండించింది. హద్దులు స్పష్టంగా ఉండి, నియమాలు వాడుకునేవారే పెట్టుకుని, తప్పు చేసినవారిని తామే గమనించుకునే చోట వనరులు శతాబ్దాల తరబడి నిలిచాయని 1990లో పుస్తకం రాసింది. 2009లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. మన నీరటి ఆమె చెప్పిన గమనించే మనిషే.

మూడో రకం వైఫల్యం తెలియకపోవడం వల్ల వస్తుంది. వస్తువు నాణ్యత అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియకపోతే మంచి సరుకు కూడా మార్కెట్‌నుంచి తప్పుకుంటుందని జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో చూపాడు. పత్తి విత్తనాల పొట్లం దీనికి మరింత గట్టి ఉదాహరణ. పాత కారు వారం తిరిగాక బయటపడుతుంది. విత్తనం సంగతి మొక్క పెరిగి, పూత రాలి, కాయ పట్టకపోతేగాని తెలియదు. అప్పటికి అదను పోతుంది, ఎరువు పోతుంది, కౌలు కట్టాల్సి వస్తుంది. 1966 విత్తన చట్టం, ధ్రువీకరణ చీటీ, పరీక్ష ప్రయోగశాల అన్నీ ఈ లోటును పూడ్చడానికే. ఈ తనిఖీ ఖర్చును పన్నులోంచి పెట్టడం రైతుకు చేసే దయ కాదు. అది లేకపోతే మంచి విత్తనం తయారుచేసే కంపెనీ కూడా నిలవదు.

గుత్తాధిపత్యం నాలుగోది. ఒకే వీధిలో రెండు కంపెనీలు వేర్వేరు కరెంటు స్తంభాలు పాతడం దండగ. కాబట్టి ఒక్కరికే ఇచ్చి, ధరను మాత్రం నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మండలి 1998 సంస్కరణల చట్టం ద్వారా ఏర్పడింది.

మార్కెట్ తప్పిన ప్రతిచోటా ప్రభుత్వం ఒప్పు చేస్తుందనే హామీ ఏమీ లేదు. తనిఖీ అధికారిని తనిఖీ చేయవలసినవారే లోబరచుకోవచ్చు. అనుమతి పత్రం కోసం పరుగులు తీయడమే వ్యాపారంగా మారవచ్చు. దాన్ని ఆన్ క్రూగర్ 1974లో లైసెన్సుల కాలపు భారతదేశాన్నీ టర్కీనీ చూపి లెక్కగట్టింది. అందుకే ఏ జోక్యాన్నయినా ఆదర్శ మార్కెట్‌తోనో ఆదర్శ ప్రభుత్వంతోనో కాక, ఉన్న మార్కెట్‌ను ఉన్న ప్రభుత్వంతో పోల్చి తూచాలి.

పన్ను ఎవరిమీద పడుతుంది

ఆర్థిక స్థోమతకు తగినట్టు, ముందే తెలిసేట్టు, కట్టేవాడికి అనువైన వేళకు, తక్కువ వసూలు ఖర్చుతో పన్ను ఉండాలని ఆడమ్ స్మిత్ 1776లో నాలుగు సూత్రాలు చెప్పాడు. పంట కోయకముందే శిస్తు అడగడం మూడో సూత్రానికి ఎంత విరుద్ధమో, ఆ బాకీకి వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లిన రైతుకు పుస్తకం చదవకుండానే తెలుసు.

చట్టం ఎవరిని కట్టమంటుందో వారే భారం మోస్తారని కాదు. సబ్బు మీద పన్నును కట్టేది తయారీదారు. సబ్బు లేకుండా ఇల్లు గడవదు కనుక ధర పెంచి ఆ భారాన్ని కొనేవారి మీదికి నెడతాడు. కొనేవారు వేరే సరుకుకు సులువుగా మళ్లగలిగితే నెట్టలేడు. ఎవరు తప్పించుకోలేరో భారం వారి దగ్గర ఆగుతుంది. ఈ లెక్కను ఆధారం చేసుకుని ఫ్రాంక్ రామ్సే 1927లో, గిరాకీ అంతగా తగ్గని వస్తువుల మీద పన్ను ఎక్కువ వేస్తే ఆర్థిక వ్యవస్థకు తక్కువ నష్టం అని చూపాడు. ఆ సూత్రం ప్రకారం ఉప్పు మీద పన్ను చాలా సమర్థమైనది. కూలీ కూడా ఉప్పు మానలేడు. సరిగ్గా ఆ కారణంతోనే అది చాలా అన్యాయమైన పన్ను. గాంధీ 1930లో దాన్నే ఎంచుకున్నాడు. ఆంధ్ర తీరం పొడవునా జనం సముద్రపు నీరు కాచి ఉప్పు వండారు. 1947లో ఆ పన్ను రద్దయింది. సమర్థతను మాత్రమే చూసే పన్ను విధానం ఎంతవరకు నిలుస్తుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

అంతకుముందే చీరాల, పేరాల ప్రజలు మరో ప్రశ్న వేశారు. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్నులు అనేక రెట్లు పెరిగాయి. ఎక్కువగా నేతపనివారు, చిన్న రైతులు ఉన్న ఊళ్లవి. పెరిగిన పన్నుకు తగిన సదుపాయం కనిపించలేదు. వద్దని అర్జీలు పెట్టుకున్నా ప్రభుత్వం వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలమంది ఇళ్లకు తాళాలు వేసి, మునిసిపాలిటీ హద్దు దాటి రామనగర్ పేరుతో గుడిసెలు వేసుకున్నారు. ఎండకూ వానకూ ఓర్చి పదకొండు నెలలపాటు అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య జైలుకు వెళ్లాడు. చివరికి జనం తిరిగి రాక తప్పలేదు. నచ్చని పాలక సంస్థను వదిలి నచ్చినచోటికి పౌరులు వెళ్లిపోవడం ద్వారా స్థానిక సేవలు సరైన స్థాయికి చేరతాయని చార్లెస్ టీబో 1956లో ఒక సిద్ధాంతం రాశాడు. కాగితం మీద అది ఇల్లు మారినంత తేలిక. చీరాల పేరాల వారికి అందుకోసం మగ్గం విప్పుకుని, పసిబిడ్డలను చంకనేసుకుని ఊరు దాటవలసి వచ్చింది. సిద్ధాంతం గురించి రాసే ప్రతిచోటా ఈ ఖర్చును కూడా రాయాలి.

ప్రత్యక్ష పన్నుల చరిత్ర వేరు. 1857 యుద్ధం మిగిల్చిన అప్పు తీర్చడానికి జేమ్స్ విల్సన్ 1860లో ఆదాయపు పన్ను తెచ్చాడు. స్వాతంత్ర్యం తర్వాత నికొలస్ కాల్డర్ నివేదిక మేరకు సంపద పన్ను, వ్యయ పన్ను వచ్చాయి. 1973-74లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు సర్‌ఛార్జితో కలిపి 97.75 శాతానికి చేరింది. అంత రేటు దగ్గర నిజాయతీగా కట్టడం కంటే దాచడమే లాభం కనుక చాలామంది దాచారు. క్రమంగా రేట్లు దిగాయి. ఎస్టేట్ డ్యూటీ 1985లో, సంపద పన్ను 2015లో పోయాయి. రేట్లు తగ్గించడం సబబే. వారసత్వ సంపదను పన్ను పరిధినుంచి పూర్తిగా వదిలేయడం అంత సబబుగా కనిపించదు. వ్యవసాయ ఆదాయం మీద పన్ను అధికారం రాష్ట్రాలది. కేంద్ర చట్టం దాన్ని ముట్టుకోదు. రెండెకరాల రైతును కాపాడే ఈ మినహాయింపు నీడలోకి పట్నంలో సంపాదించిన డబ్బు కూడా చేరుతోంది.

సారా రూపాయి

మద్యం మీద పన్నుకు రెండు ముఖాలు. తాగుడు తగ్గించే మందుగా చూస్తే అది పిగూ పన్ను. ఖజానా వైపునుంచి చూస్తే పాడి ఆవు. మందు పూర్తిగా పనిచేస్తే ఆవు ఎండిపోతుంది. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం 1937లో సేలం జిల్లాలో మద్య నిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. పోయిన ఎక్సైజు రాబడిని పూడ్చుకోవడానికి 1939లో సాధారణ అమ్మకం పన్ను వేసింది. దేశంలో రాష్ట్రాలన్నీ తర్వాత దశాబ్దాల తరబడి బతికిన పన్ను అలా పుట్టింది. నిషేధం పోయింది, అమ్మకం పన్ను ఉండిపోయింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడి చదువుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్‌లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు. రాబడి పోవడం, పొరుగు రాష్ట్రాలనుంచి దొంగ సరుకు రావడం ప్రధాన కారణాలు. కూలి డబ్బులో సారాకు పోయే ప్రతి రూపాయి ఇంట్లో ఎసరు నీళ్లలో పడాల్సిన బియ్యమని ఆ ఆడవాళ్లు లెక్కగట్టారు. వాళ్ల లెక్కలో బాహ్యత ఉంది. బడ్జెట్ పుస్తకంలో లేదు. తాగేవాడు కట్టిన పన్నును రాబడి పద్దులో రాసి, అతని భార్య కోల్పోయిన తిండినీ ఆరోగ్యాన్నీ ఏ పద్దులోనూ రాయకపోతే ఆ బడ్జెట్ సగమే రాసినట్టు.

ఎవరి వాటా ఎంత

అమ్మకం పన్ను స్థానంలో 2005లో విలువ ఆధారిత పన్ను, 2017 జూలై 1న వస్తుసేవల పన్ను (జీఎస్టీ) వచ్చాయి. దీని పని తీరు చిన్న లెక్కతో తెలుస్తుంది. పన్ను 5 శాతం అనుకుందాం. నూలు వ్యాపారి వెయ్యి రూపాయల నూలుకు 50 రూపాయల పన్ను కడతాడు. ఆ నూలుతో నేయించిన చీరను మరో వ్యాపారి మూడువేలకు అమ్మితే పన్ను 150. నూలు మీద ఇదివరకే కట్టిన 50 తీసేసి 100 కడితే చాలు. పన్ను మీద పన్ను పడదు. కొన్న సరుకుకు బిల్లుంటేనే తగ్గింపు కాబట్టి కొనేవాడే బిల్లు అడుగుతాడు. అలా పన్ను తనను తాను కాపలా కాసుకుంటుంది. బిల్లుల గొలుసు బయట బతికే చిన్న చేతివృత్తివారికి మాత్రం ఇది బరువే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రధానంగా 5, 18 శాతం రేట్లు, కొన్ని సరుకులకు 40 శాతం రేటు అమలవుతున్నాయి. పెట్రోలు, డీజిలు, తాగే మద్యం జీఎస్టీ బయటే ఉన్నాయి. రాష్ట్రాలు సొంతంగా రేటు నిర్ణయించుకోగల పెద్ద సరుకులు ఇక అవే. జీఎస్టీ మండలిలో కేంద్రానికి మూడో వంతు ఓటు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు. తీర్మానానికి నాలుగింట మూడు వంతులు కావాలి గనుక కేంద్రం ఒప్పుకోనిది ఏదీ నెగ్గదు.

బడి, ఆసుపత్రి, పోలీసు, సాగునీరు రాష్ట్రాల పని. ఎక్కువ రాబడినిచ్చే పన్నులు కేంద్రం చేతిలో ఉన్నాయి. ఈ ఎడాన్ని పూడ్చడానికి రాజ్యాంగం 280వ అధికరణ కింద ఆర్థిక సంఘం ఉంది. వై.వి.రెడ్డి అధ్యక్షతన 14వ సంఘం రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. 15వ సంఘం 41 చేసింది. సెస్సులు, సర్‌ఛార్జీలు ఈ పంపకంలోకి రావు. వాటిని పెంచే కొద్దీ పంచే కుండ చిన్నదవుతుంది. ఏ సంఘం ఎంత శాతం రాసినా ఈ దారి తెరిచి ఉన్నంతకాలం రాష్ట్రాల హక్కు అసంపూర్ణమే.

2014లో ఆంధ్రప్రదేశ్ విభజనతో పోరుమామిళ్ల శాసనం చెప్పిన దోషం నాగార్జునసాగర్‌కు పట్టింది. కట్ట ఇప్పుడు రెండు రాష్ట్రాల సరిహద్దు మీద ఉంది. కృష్ణా నది యాజమాన్య బోర్డు ఉన్నా, 2023 నవంబర్‌లో కట్టమీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. లాభం హద్దులు దాటి పారే వస్తువుకు ఖర్చు పంచే అధికారం కూడా హద్దులు దాటి ఉండాలి. అంత అధికారం బోర్డు చేతికి ఇంకా రాలేదు.

అన్నిటికంటే కింద పంచాయతీ, మునిసిపాలిటీ ఉన్నాయి. 73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చి వీటికి పనుల జాబితా ఇచ్చాయి. డబ్బు అంతగా ఇవ్వలేదు. వీటికి సొంతమైన పెద్ద పన్ను ఇంటి పన్ను. ఇల్లు దాగదు, పారిపోదు. ఇంటిముందు వేసిన రోడ్డు వల్ల దాని విలువ పెరుగుతుంది. ఇంత సహజమైన స్థానిక పన్ను మరొకటి లేదు. అయినా ఇంటి పన్ను పెంచడానికి పాలకులు జంకుతారు. వీధిదీపం ఎందుకు వెలగలేదని మాత్రం ప్రజలు నిలదీస్తారు.

ఆ ఇంటి పన్ను రసీదును పట్టి చూస్తే అందులో చిన్న అంకె ఒకటి ఉంటుంది: గ్రంథాలయ పన్ను, రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం దాన్ని వేసింది. పంచాయతీ, మునిసిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. జమ కాక బకాయిలు పేరుకోవడం ఎన్నో ఏళ్లుగా ఉన్న జబ్బు. జమ అయినచోట పొద్దున్నే తలుపు తెరుస్తారు. బల్లమీద దినపత్రికలు పరుస్తారు. ఒక పెద్దాయన సంపాదకీయం చదువుతుంటాడు. పక్కన పోటీ పరీక్షకు చదివే అమ్మాయి నోట్సు రాసుకుంటుంది. వచ్చినవాళ్లను మీ ఇంటి పన్ను కట్టారా అని ఎవరూ అడగరు.